డెన్ బాస్: చర్చికి టికెట్ లేదు, దుప్పటికి మాత్రం 14 యూరోలు

నెదర్లాండ్స్‌లోని డెన్ బాస్ ఊరికి తప్పకుండా వెళ్ళండి. కానీ రాత్రికి అక్కడే ఉండాలనుకుంటే, బుకింగ్ పేజీ అడుగున సన్నక్షరాల్లో రాసిందంతా చదివాకే డబ్బు కట్టండి. ఇది రాయడానికి సగం కారణం అక్కడి సింట్ యాన్ కెథెడ్రల్, మిగతా సగం మేము దిగిన బస. ఒకటి తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది, రెండోది తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మా మరిది ఐండ్‌హోవెన్‌లో ఉద్యోగం చేస్తాడు. మే నెలలో నేను, మా ఆయన, అత్తయ్య కలిసి అక్కడికి వెళ్ళాం. ఆమ్‌స్టర్‌డామ్, తులిప్ తోట, గాలిమరలు అన్నీ సజావుగా అయిపోయాయి, వాటి గురించి చెప్పేవాళ్ళు వేలమంది ఉన్నారు కాబట్టి వదిలేస్తున్నా. డెన్ బాస్ గురించి మరిది మొదటినుంచీ ఒకటే మాట: "వదినా, ఇక్కణ్ణించి ఇరవై నిమిషాల రైలు, పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చెయ్యచ్చు, అక్కడ రూమెందుకు?" మా ఆయనకేమో కాలవ పక్కన పాతకాలపు ఇంట్లో పడుకోవాలని ఉబలాటం. ఫొటోలు చూపించి అత్తయ్యని కూడా తన వైపు తిప్పేసుకున్నారు.

రాత్రికి 118 యూరోలు అని రాసుంది, రెండు రాత్రులకి 236. మర్యాదగానే ఉంది కదా అనుకున్నాం. వెళ్ళేముందు మెయిల్ వచ్చింది: క్లీనింగ్‌కి 55, దుప్పట్లు తువ్వాళ్ళకి మనిషికి 14 చొప్పున 42, టూరిస్ట్ టాక్స్ 27. మొత్తం 360. అంటే యూరోకి వంద రూపాయలు వేసుకున్నా ముప్ఫై ఆరు వేలు, పైగా 150 డిపాజిట్. టాక్స్ ఊరికి పోతుంది, దానికి నేనేమీ అనను. కానీ పడుకోవడానికి రూమిచ్చి దుప్పటికి వేరే డబ్బు అడగడం ఏం పద్ధతి? అప్పటికి క్యాన్సిల్ చేసుకునే గడువు కూడా దాటిపోయింది.

మనిషి ఎవరూ ఉండరు. తలుపుకి నంబర్ల తాళం, కోడ్ మెయిల్లో వస్తుంది. తలుపు తీయగానే నిటారుగా మెట్లు, ఒక్కో మెట్టు మీద పాదం సగమే పడుతుంది, చేత్తో పట్టుకోవడానికి గోడవెంట ఒక లావుపాటి తాడు. ఫొటోల్లో గది ఉంది, కిటికీ ఉంది, కిటికీలోంచి కాలవ ఉంది, ఈ మెట్లు మాత్రం ఒక్క ఫొటోలోనూ లేవు. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్య ఆ తాడు పట్టుకుని మూడో అంతస్తు దాకా ఎక్కి, మంచం మీద కూర్చుని, మా ఆయన మొహం చూడకుండా "నేనింక రేపటిదాకా కిందకి దిగను" అనేశారు. మా ఆయన కిటికీలోంచి కాలవ చూస్తూ నిలబడ్డారు.

ఆవిడ దిగారు, దిగింది చర్చి కోసమే. మా బస నుంచి ఐదు నిమిషాల నడక. సందు మలుపు తిరగగానే ఇళ్ళ పైకప్పుల మీదుగా ఆ బూడిదరంగు రాయి కనబడింది, ఆవిడ అప్పటిదాకా సణుగుతున్నవారు సణగడం ఆపేశారు. సుమారు 1380 నుంచి 1530 దాకా, అంటే నూటయాభై ఏళ్ళు కట్టారట. పడమటి వైపు గోపురం కింది భాగం మాత్రం అంతకంటే పాతది, ఎర్ర ఇటుక, అంతకుముందున్న చర్చిది. బ్రబాంట్ గోతిక్ అంటారు ఈ శైలిని, అంటే కోసు కమానుల మధ్యయుగపు గోతిక్ పద్ధతి, బ్రబాంట్ అనే ఈ ప్రాంతంలోది. నెదర్లాండ్స్‌లో చాలా గోతిక్ చర్చిలు లోపలికెళితే బోసిగా, తెల్లసున్నం వేసిన గోడలతో ఉంటాయి, ఎందుకంటే ప్రొటెస్టెంట్ల చేతికి వచ్చినప్పుడు విగ్రహాలు తీసేశారు. ఇది కూడా 1629 ముట్టడిలో, అప్పటిదాకా స్పెయిన్ ఏలుబడిలో ఉన్న ఊరు డచ్చివాళ్ళ వశమైనప్పుడు ప్రొటెస్టెంట్లకి పోయింది, 1810లో నెపోలియన్ వచ్చి తిరిగి కాథలిక్కులకి ఇప్పించాడు. అందుకే ఇక్కడ ఇప్పటికీ కొవ్వొత్తులు వెలుగుతాయి, జనం మోకరిల్లుతారు, ఇది మ్యూజియం కాదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఔదె కెర్క్ అనే పాత చర్చికి టికెట్ కొనుక్కుని లోపలికెళ్ళాం. ఇక్కడ అడిగినవాళ్ళు లేరు. పూజ జరుగుతున్నప్పుడు మాత్రం తిరగనివ్వరు, సమయం చూసుకుని వెళ్ళండి.

మే నెల మరియమ్మ నెల కాబట్టి పక్క చాపెల్ (చిన్న ప్రార్థనా గది) ముందు జనం బాగానే ఉన్నారు. అక్కడుండే అమ్మవారిని జూటె మూడర్ అంటారు, చల్లని తల్లి అనుకోండి. చెక్క విగ్రహం. కథ ఏమిటంటే, 1380 ప్రాంతంలో శిల్పుల షెడ్డులో పాత సామాను మధ్య పడి ఉంటే, అందంగా లేదని ఎవరో పొయ్యిలోకి కట్టెగా నరకబోయారట, మేస్త్రీ అడ్డుపడ్డాడట. ఆ తర్వాత జరిగిన అద్భుతాలని ఒక పుస్తకంలో రాస్తూ వచ్చారు, అందులో 481 ఉన్నాయి. 1629లో విగ్రహాన్ని బ్రస్సెల్స్‌కి తరలించారు, తిరిగి రావడానికి 1853 దాకా పట్టింది. ఆవిడకి బోలెడు అంగీలున్నాయి, సందర్భాన్ని బట్టి మారుస్తారు, అచ్చం మన దసరాకి దుర్గమ్మకి అలంకారం మార్చినట్టే. ఈ మాట చెప్పగానే అత్తయ్యకి ఎక్కడలేని ఓపిక వచ్చింది. ఆవిడది బెజవాడ. కనకదుర్గమ్మ కొండా ఎక్కుతారు, ఫిబ్రవరి తిరునాళ్ళకి గుణదల కొండా ఎక్కుతారు, అందులో ఆవిడకి తేడా ఏమీ లేదు. ఒక కొవ్వొత్తి తీసుకుని, పక్కన వెలుగుతున్నదాంతో అంటించి, ఇసుకలో గుచ్చి, చాలాసేపు కళ్ళు మూసుకుని నిలబడ్డారు. పక్కన డచ్చి ముసలావిడ కాస్త జరిగి చోటిచ్చింది. ఏం కోరుకున్నారో మాకు చెప్పలేదు, దిగే మెట్ల గురించే అయ్యుంటుందని మా ఆయన అనుమానం.

లోపల చూడాల్సినవి చెప్పాలంటే, 1492 నాటి లోహపు బాప్టిజం తొట్టి, ఆ తొట్టి మూత మీద ఉన్న బొమ్మల దగ్గర ఆగండి. వెనక్కి తిరిగితే 17వ శతాబ్దపు ఆర్గన్, దాని చెక్క పనితనం చూడటానికే పది నిమిషాలు కావాలి. ఒకప్పుడు గర్భాలయానికి అడ్డంగా గొప్ప రాతి తెర ఉండేది, 19వ శతాబ్దంలో మరమ్మతుల పేరుతో పీకి అమ్మేశారు, ఇప్పుడది లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఇలాంటివి వింటే మనవాళ్ళే నయం అనిపించదు, మనవాళ్ళూ ఇంతే అనిపిస్తుంది.

కానీ అసలు సరుకు బయట, పైన ఉంది. గోడల్ని మోసే వంపు దూలాలు ఏటవాలుగా కిందికి దిగుతుంటాయి కదా, వాటి వెన్ను మీద గుర్రమెక్కినట్టు కూర్చున్న బొమ్మలు, మొత్తం 96. దెయ్యాలు, జంతువులు, వాయిద్యగాళ్ళు, పనివాళ్ళు, అందరూ పైకి పాకుతున్నారు. కింద నుంచి చూస్తే చీమల్లా ఉంటాయి, ఫోన్‌లో జూమ్ చేసి చూడాల్సిందే. చర్చిలో వాలంటీరుగా పనిచేసే ఒక పెద్దాయన మా అవస్థ చూసి బయటికి వచ్చి, నా భుజం పక్కనుంచి వేలు చాచి, "ఆ దేవదూతని చూడు" అన్నాడు. జీన్స్ ప్యాంటు వేసుకుని, చెవి దగ్గర సెల్‌ఫోన్ పెట్టుకున్న దేవదూత! రాళ్ళు అరిగిపోయి పెద్దఎత్తున మరమ్మతు చేసినప్పుడు శిల్పి టోన్ మోయ్ కొత్తగా చెక్కిన వాటిలో ఒకటి, 2011లో పెట్టారు. ఆ ఫోన్‌కి ఒకటే బటన్, నొక్కితే నేరుగా దేవుడికే. నాకు నచ్చింది ఏమిటంటే, పాత శిల్పులు తమ కాలపు మనుషుల్ని చెక్కారు, ఈయన తన కాలపు మనిషిని చెక్కాడు. ఆ పెద్దాయన డబ్బులు తీసుకోలేదు, ఇవ్వబోతే లోపల హుండీ చూపించాడు. పక్కనే ఉన్న బౌలోట్స్ మ్యూజియంలో పాత అసలు బొమ్మలు దగ్గర్నుంచి చూడచ్చు, చిన్న టికెట్ ఉంది, కొనండి.

తిండి విషయానికొస్తే, ఈ ఊరి పేరు చెబితే నోరూరేది బాస్సె బోల్. టెన్నిస్ బంతికంటే పెద్ద ఉండ, పైన నల్ల చాక్లెట్, లోపల మొత్తం మీగడ. స్టేషన్ దారిలో యాన్ దె ఖ్రోట్ బేకరీలో తినండి, అక్కడ లైన్ ఉంటే నిలబడండి. ఫోర్క్‌తో గుచ్చితే అటు పక్కనుంచి మీగడ చిమ్ముతుంది, మా ఆయన చొక్కా సాక్ష్యం. నేను ఒకటి పూర్తిగా తిన్నా, మధ్యాహ్నం భోజనం మానేశా. అయితే పిండిలో గుడ్డు ఉంటుంది, అత్తయ్య గుడ్డు ముట్టరు. ఆవిడకి ఆ పూట అరటిపండు, పెరుగు. హోటళ్ళలో వెజిటేరియన్ అంటే చీజు, పుట్టగొడుగు, చీజు. రెండో రోజు పొద్దున ఆవిడ మొహం చూడలేక, మరిది ఇచ్చి పంపిన రవ్వతో బసలోనే ఉప్మా చేశా.

అదే బస వాళ్ళకి దొరికిన అవకాశం. ఆవాలు, ఎండుమిరపకాయ వేసి ఇలా తాలింపు పెట్టానో లేదో స్మోక్ అలారం కూత. మా ఆయన కుర్చీ ఎక్కి టవల్‌తో విసురుతున్నారు, అత్తయ్య కిటికీ తెరిచి కాలవ వైపు పొగ తోలుతున్నారు, కింద పడవలో వెళ్ళేవాళ్ళు చేతులూపారు. రెండు నిమిషాల్లో ఆగిపోయింది, గిన్నె కూడా మాడలేదు. ఊరికెళ్ళాక డిపాజిట్ 115 వచ్చింది. 35 యూరోలు "వాసన తొలగింపు" కింద కోత! వంటగది ఉన్న ఇల్లు అని ఎక్కువ అద్దె తీసుకుని, వంట చేస్తే వాసన వచ్చిందని జరిమానా. నేను మూడు పేరాల మెయిల్ రాశా, అటునుంచి రెండు లైన్ల నియమావళి వచ్చింది.

బిన్నెన్‌డీజె అనే ఊరి కాలవలో పడవ విహారానికి పెట్టిన డబ్బు మాత్రం దండగ కాదు, కాలవ ఇళ్ళ కిందనుంచే పోతుంది, కమాను వచ్చిన ప్రతిసారీ తల వంచాలి, ఇంగ్లిష్‌లో చెప్పే పడవ ఏదో ముందే అడగండి. పాతకాలపు చిత్రకారుడు హిరోనిమస్ బాష్ ఈ ఊరివాడే, 1516లో చనిపోతే అంత్యక్రియల పూజ సింట్ యాన్‌లోనే జరిగింది. కానీ ఆయన పేరుతో ఉన్న ఆర్ట్ సెంటర్‌లో ఉన్నవన్నీ నకళ్ళు, అసలు బొమ్మలు మాడ్రిడ్‌లోనూ ఇంకెక్కడెక్కడో ఉన్నాయి. నకళ్ళకి టికెట్టేమిటని మా ఆయన గొణుగుడు. నాకైతే నచ్చింది, నిజం బొమ్మలైతే అంత దగ్గరగా వెళ్ళనిస్తారా?

కాబట్టి నా సలహా: ఐండ్‌హోవెన్‌లోనో ఉట్రెక్ట్‌లోనో బస చెయ్యండి, రెండూ రైల్లో అరగంట లోపే. రైలుకి కాంటాక్ట్‌లెస్ కార్డు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ట్యాప్ చేస్తే చాలు, దిగేటప్పుడు మరిచిపోతే 20 యూరోలు పట్టుకుంటారు. స్టేషన్ బోర్డు మీద సెర్తోఖెన్‌బాస్ అని పెద్ద పేరుంటుంది, కంగారు పడకండి, ఊరు అదే. కాదు, కాలవ పక్కనే పడుకోవాలి అంటారా, బుక్ చేసేముందు మూడు సంగతులు అడగండి: మెట్ల ఫొటో, దుప్పట్ల ధర, తాలింపు పెట్టుకోవచ్చో లేదో. జవాబు మెయిల్లోనే తీసుకోండి, ఫోన్లో వద్దు.