సీటీసీలో గేమింగ్ పీసీ: విజయవాడ నుంచి సికింద్రాబాద్ వెళ్లి కొనడం లాభమేనా?

మంచి గేమింగ్ పీసీ కట్టించుకోవాలనుకునే విజయవాడ వాళ్లకి దారులు నాలుగు. ఆన్‌లైన్, చెన్నై రిచీ స్ట్రీట్, బెంగళూరు ఎస్పీ రోడ్డు, సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్ అనే కంప్యూటర్ల బజారు). సంక్రాంతి వెళ్లాక మా మేనల్లుడి పీసీ కోసం సీటీసీకే వెళ్లాం. మిగతా రెండు బజార్లూ ఉద్యోగం పుణ్యమా అని నాకు తెలిసినవే. ధర కోసమే అయితే మాత్రం ప్రయాణం దండగ. ఆన్‌లైన్‌కీ కౌంటర్‌కీ మధ్య మిగిలేది బస్సు టికెట్లకీ బిర్యానీకీ సరి. అన్నీ ఒకేచోట బిగించి, కళ్లెదుట నడిపి చూపించి, రేపు ఏదైనా పోతే ఫోన్ ఎత్తే మనిషి కావాలనుకుంటేనే వెళ్లాలి.

రాత్రి బస్సు ఎంజీబీఎస్‌లో దింపింది. గ్రీన్ లైన్ మెట్రో ఎక్కితే జేబీఎస్ పరేడ్ గ్రౌండ్, అక్కడ బ్లూ లైన్‌కి మారితే ఒక్క స్టేషన్ అవతల ప్యారడైజ్. పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ అక్కడికి నడిచేంత దూరమే. తెల్లారగానే పరిగెత్తి లాభం లేదు, పదకొండు దాటితే గానీ బజారు ఊపందుకోదు. ఆదివారం అసలు పెట్టుకోవద్దు. గది విషయంలో ఒక్క మాట. రైల్వే స్టేషన్ ఎదుటి లాడ్జీలు చవకే గానీ రాత్రంతా హారన్లు, పైగా తలుపు గడియ చూస్తే లక్షల సామాను లోపల పెట్టి టిఫిన్‌కి పోబుద్ధి కాదు. మేం పార్క్‌లేన్‌కి దగ్గర్లో లిఫ్టున్న హోటల్‌కి మారాం. అద్దె ఎక్కువైనా మనశ్శాంతి దక్కింది.

సీటీసీ మెట్ల దగ్గరే పిలుపులు మొదలవుతాయి. "అన్నా, ఏం కావాలె? లాప్‌టాపా, సీసీ కెమెరాలా?" వాటికి ఆగకుండా, మనమే రాసుకున్న పార్టుల జాబితాతో రెండు మూడు షాపుల్లో కొటేషన్ తీసుకోవాలి. జాబితా లేకుండా వెళ్తే వాళ్ల దగ్గర మిగిలిపోయిన సరుకే మన కాన్ఫిగరేషన్ అవుతుంది.

మా జాబితా మీద ఇంట్లో పెద్ద యుద్ధమే నడిచింది. మావాడికి ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 5090 కావాలి. "మామా, 32 జీబీ మెమరీ!" అంటాడు. ఆ కార్డొక్కటే 575 వాట్లు తాగుతుంది, దాని ధరకి మిగతా పీసీ మొత్తం వచ్చేస్తుంది. ఆఖరికి పోటీ 5080కీ 5070 టీఐకీ మధ్య మిగిలింది. రెండింట్లోనూ 16 జీబీ జీడీడీఆర్7 మెమరీయే. 5080లో 10,752 కోర్లు, 5070 టీఐలో 8,960. కోర్లు ఇరవై శాతం ఎక్కువున్నా ఆటలో తేడా అంత రాదు, ధరలో మాత్రం అంతకు మించి ఉంటుంది. వాడి మానిటర్ 1440పీ (4కే కన్నా తక్కువ రిజల్యూషన్) కాబట్టి 5070 టీఐకే ఓటేశాను. ఏఎండీ ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీ ఇంకా చవక, 16 జీబీ ఉంది. రే ట్రేసింగ్ (ఆటలో వెలుగునీడలు నిజంలా కనిపించేలా చేసే పద్ధతి) మోజు లేనివాళ్లకి అదే మేలు.

ప్రాసెసర్ దగ్గర గొడవే లేదు. రైజెన్ 7 9800ఎక్స్3డీ. ఎనిమిది కోర్లే గానీ 96 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగమైన మెమరీ) ఉంది, ఆటలకి పనికొచ్చేది అదే. ఇలా అదనపు క్యాష్ పెట్టే పాత ఎక్స్3డీ ప్రాసెసర్లలో అది కోర్ల నెత్తిన ఉండేది, ఇందులో కోర్ల కిందకి మార్చారు. అందుకని వేడి కూలర్‌కి తేలిగ్గా అందుతుంది. మేలో 45 డిగ్రీలు చూసే మా ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. మదర్‌బోర్డు ఎక్స్870 తీసుకోమని ఇద్దరు షాపువాళ్లు ఒత్తిడి చేశారు. దాంట్లో యూఎస్‌బీ4 (బాగా వేగమైన యూఎస్‌బీ పోర్టు) తప్పనిసరిగా ఉంటుంది, నిజమే. అది వాడనివాడికి బీ850 చాలు, ఆట వేగం ఏమీ తగ్గదు.

ర్యామ్ దగ్గరే చేతులు కాలాయి, మావే కాదు, ఈ చలికాలం కొన్న అందరివీ. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పుల్ని ఊడ్చుకుపోవడంతో డీడీఆర్5 ర్యామ్ ధర ఏడాది తిరక్కుండా రెండింతలు దాటింది. క్రూషియల్ పేరుతో అమ్మే వినియోగదారుల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నామని మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించేసింది కూడా. కొటేషన్ మీద "ర్యామ్ ధర ఈ సాయంత్రం వరకే" అని పెన్నుతో రాసిచ్చారు. 64 జీబీ ఆశ వదిలి 16 జీబీ స్టిక్కులు రెండు తీసుకున్నాం, 6000 స్పీడు, సీఎల్30 (ర్యామ్ స్పందించడానికి పట్టే ఆలస్యం, తక్కువైతే మేలు). చౌకగా వస్తున్నాయని నాలుగు చిన్న స్టిక్కులు అంటగడితే ఒప్పుకోవద్దు. ఏఎం5 (ఈ ప్రాసెసర్ కూర్చునే సాకెట్) బోర్డుల మీద నాలుగు పెడితే వేగం తగ్గించుకోవాల్సి వస్తుంది.

తగ్గకూడనిది ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పెట్టె) దగ్గర. 850 వాట్లు, గోల్డ్ రేటింగ్, ఏటీఎక్స్ 3.1, కార్డుకి నేరుగా వెళ్లే 12వీ-2ఎక్స్6 కేబుల్. మొదట మాట్లాడుకున్న షాపులో ఇదే మోడల్ రాయించాం. భోంచేసి వచ్చేసరికి బల్ల మీద అదే కంపెనీది, గోల్డ్ కన్నా తక్కువ రేటింగైన బ్రాంజ్ రకం పెట్టుంది. "స్టాక్ లేదు సార్, రెండూ సేమే" అన్నారు. ధర మాత్రం గోల్డ్‌దే! అడ్వాన్సు వెనక్కి తీసుకుని పై అంతస్తులో ఇంకో షాపుకి వెళ్లాం. అక్కడి కుర్రాడు ప్రతి పెట్టె మా ముందే విప్పి, సీరియల్ నంబర్లు బిల్లులో ఎక్కించాడు. బిల్లు వద్దంటే 18 శాతం జీఎస్టీ మిగులుతుందని మెల్లగా చెప్పేవాళ్లు అక్కడ తగులుతారు. వారంటీ రోజున ఆ కాగితమే అడుగుతారు, అందుకని ఆ బేరం మనకొద్దు. విదేశం నుంచి పక్కదారిలో వచ్చిన కార్డుకైతే ఇండియా వారంటీయే ఉండకపోవచ్చు. సీరియల్ నంబరుతో కంపెనీ సైట్‌లో అక్కడికక్కడే చూసుకోవాలి.

క్యాబినెట్ ముందు భాగం అద్దమైతే అందమే, గాలి లోపలికి రావాలిగా? జాలీ ఉన్నదే తీసుకున్నాం. మూడు ఫ్యాన్ల కార్డులు 330 మిల్లీమీటర్లు దాటేవి ఉన్నాయి, టేపు పెట్టి కొలిపించండి. బిగించాక బయోస్‌లో ఎక్స్‌పో ఆన్ చేశారో లేదో అడగాలి, చేయకపోతే 6000 ర్యామ్ మామూలు వేగంతోనే నడుస్తుంది. టెస్టు కూడా అయిదు నిమిషాలతో సరిపెట్టనివ్వొద్దు. షాపులో ఏసీ, మన గదిలో ఫ్యాను.

మిగతా బజార్ల సంగతి. రిచీ స్ట్రీట్ అన్నా సాలై పక్కనే. కేబుళ్లు, అడాప్టర్లు, రిపేర్లకి నాకు దాన్ని మించింది కనపడలేదు. పెద్ద పీసీకి తీరిగ్గా కూర్చోబెట్టి మాట్లాడేవాళ్లే తక్కువ. ఎస్పీ రోడ్డులో ధరలు బాగుంటాయి, సెకండ్ హ్యాండ్ కార్డులూ దొరుకుతాయి. కానీ వారంటీకి బెంగళూరు ఎవరు పోతారు? మాకు హైదరాబాద్‌లో చుట్టాలున్నారు, పాడైన పార్టు వాళ్ల చేతికిస్తే చాలు.

తిరుగు ప్రయాణంలో గ్రాఫిక్స్ కార్డు ఊడదీయించి దాని పెట్టెలోనే ఒళ్లో పెట్టుకున్నాం. బరువైన కార్డు బస్సు కుదుపులకి స్లాటుని విరిచేయగలదు. క్యాబినెట్ అట్టపెట్టె, థర్మకోలు పారేయొద్దని ముందే చెప్పి ఉంచడం కలిసొచ్చింది. డిక్కీలో లగేజీ చార్జీ అడిగారు, ఇచ్చాం.

ఇంట్లో ఉన్న 600 వీఏ యూపీఎస్ దీని ముందు చాలదు, ఆట మధ్యలో కరెంటు పోతే అదీ పడిపోతుంది. 1500 వీఏ ప్యూర్ సైన్ వేవ్‌ది బెజవాడలోనే కొన్నాం. మానిటర్ కూడా ఊళ్లోనే. డెడ్ పిక్సెల్ కనిపిస్తే ఆ తెర మోసుకుంటూ సికింద్రాబాద్ దాకా ఎవరు పోతారు? రిమోట్ ఏరియా చార్జీ (దూరమని అదనంగా వేసే సొమ్ము) లేకుండా సర్వీసు మనిషి ఇంటికొస్తాడని మానిటర్ అమ్మిన షాపువాడి చేత బిల్లు వెనకే రాయించాను.