కాలేజీ ఐస్ హాకీ రిక్రూటింగ్ ప్యాకేజీలు: డబ్బు దేనికి పెట్టాలి, దేనికి పెట్టనక్కర్లేదు

అమెరికాలో కాలేజీ హాకీ ఆడాలనుకునే పిల్లల తల్లిదండ్రులకు అమ్మే రిక్రూటింగ్ (కాలేజీ జట్టు కోచ్‌ల కంట్లో పడి ఎంపికయ్యేలా చూసే) ప్యాకేజీలన్నీ దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. ఒక ప్రొఫైల్ పేజీ, ఒక హైలైట్ వీడియో, కోచ్‌లకు వెళ్లే ఈమెయిళ్లు, ఫోన్లో దొరికే ఒక సలహాదారు. వీటిలో డబ్బుకి తగ్గది వీడియో. సలహాదారు మంచివాడైతే అదీ. తక్కినవి ఇంట్లో కూర్చుని చేసుకోదగ్గ పనులే.

వీడియో దగ్గర చాలామంది చేసేది గోల్స్ అన్నీ ఏరి, వెనకాల పాట పెట్టి సాగదీయడం. గోల్ సంగతి కోచ్‌కి స్కోర్‌షీట్‌లోనే కనిపిస్తుంది. పక్ (స్టిక్‌తో కొట్టే రబ్బరు బిళ్ల) తన దగ్గర లేనప్పుడు కుర్రాడు ఏం చేస్తున్నాడన్నదే ఆయన చూడాలనుకునేది. మూడు నాలుగు నిమిషాలు చాలు. ప్రతి క్లిప్ మొదట్లో బొమ్మ ఒక్క క్షణం ఆపి ఆటగాడి మీద బాణం గుర్తు పెట్టాలి. పక్ అతన్ని చేరకముందే క్లిప్ మొదలవ్వాలి, అతను బ్యాక్‌చెక్ చేసి, అంటే ఎదుటి జట్టు దాడిని అడ్డుకోవడానికి వెనక్కి మళ్లి, తన జట్టు వైపు జోన్‌లోకి తిరిగొచ్చేదాకా నడవాలి. డిఫెన్స్‌మన్ అయితే మూలలో పక్ అందుకునేముందు భుజం మీదుగా వెనక్కి చూశాడా, మొదటి పాస్ స్టిక్ మీదికే వెళ్లిందా అన్నవి కనిపించాలి. గోలీకైతే తిన్న గోల్స్ కూడా ఉండాల్సిందే: రీబౌండ్ (తగిలి వెనక్కి వచ్చే పక్) ఎటు వదిలాడు, ఒక పోస్ట్ నుంచి ఇంకో పోస్ట్‌కి ఎలా జరిగాడు, గోల్ పడ్డాక వచ్చిన షాట్‌కి ఎలా నిలబడ్డాడు. దీనితోపాటు ఒక మ్యాచ్‌లోని షిఫ్టులన్నీ (అతను మంచు మీదికి దిగి ఆడిన దఫాలన్నీ) ఎడిటింగ్ లేకుండా ఇంకో లింక్‌గా ఇవ్వాలి. అది ఇవ్వలేమన్న కంపెనీ జోలికి పోకండి.

ఈమెయిళ్ల సేవ మాత్రం శుద్ధ దండగ. కోచ్ పేరు మార్చి వందమందికి పంపే ఉత్తరాన్ని చూడగానే గుర్తుపడతారు, ఆ మార్చడంలో పేర్లు తారుమారైతే ఇంక చెప్పనక్కర్లేదు. కుర్రాడు తన సొంత ఐడీ నుంచి రాసే ఐదారు వాక్యాలు నయం. సబ్జెక్ట్‌లో పుట్టిన సంవత్సరం, పొజిషన్, షాట్ కొట్టేది ఎడమవైపా కుడివైపా, టీమ్ పేరు ఉండాలి. లోపల ఎత్తు, బరువు, జెర్సీ నంబర్, రాబోయే మ్యాచ్‌ల తేదీలు, రింకు పేర్లు, ఇప్పటి కోచ్ ఫోన్ నంబర్, ట్రాన్‌స్క్రిప్ట్ (స్కూల్ మార్కుల పత్రం). షోకేస్ టోర్నమెంట్‌లో (కాలేజీల స్కౌట్లు ఆటగాళ్లని చూడ్డానికి వచ్చే పోటీ) వేరే నంబర్ జెర్సీ ఇచ్చారంటే ఆ పూటే మళ్లీ రాయాలి, లేదంటే స్కౌట్ ఇంకెవరినో చూసి వెళ్లిపోతాడు.

ఎనిమిదో గ్రేడ్ పిల్లాడికి ‘కోచ్‌లతో నేరుగా పరిచయం’ అని ఎవరైనా అమ్మితే నవ్వి ఊరుకోండి. కాలేజీ క్రీడల్లో పై అంచె అయిన డివిజన్ 1 పురుషుల హాకీలో పదో గ్రేడ్ మధ్యలో వచ్చే జనవరి 1 దాకా కోచ్‌లు రిక్రూటింగ్ మాటలు మాట్లాడకూడదు. నోటిమాట ఆఫర్ అయినా పదకొండో గ్రేడ్‌కి ముందు వచ్చే ఆగస్టు 1 నుంచే.

సలహాదారుని తూచడానికి ఒక్క ప్రశ్న చాలు: మావాడు ఏ జూనియర్ లీగ్‌లో ఆడగలడు? హైస్కూల్ నుంచి నేరుగా డివిజన్ 1కి వెళ్లేవాళ్లు తక్కువ, ఒకటి రెండేళ్లు జూనియర్ (కాలేజీకి ముందు కుర్రాళ్లు ఆడే లీగ్‌లు) ఆడాకే ఎక్కువమంది చేరతారు. 2025 ఆగస్టు 1 నుంచి కెనడా పెద్ద జూనియర్ లీగ్‌లైన డబ్ల్యూహెచ్‌ఎల్, ఓహెచ్‌ఎల్, క్యూఎంజేహెచ్‌ఎల్ ఆటగాళ్లకీ ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ) తలుపులు తెరిచింది. అంతకుముందు వాళ్లని ప్రొఫెషనల్స్ కింద లెక్కగట్టేవారు. డబ్ల్యూహెచ్‌ఎల్ జట్టు మెడిసిన్ హ్యాట్ నుంచి గావిన్ మెక్‌కెన్నా అనే ఆటగాడు పెన్ స్టేట్ యూనివర్సిటీకి వచ్చింది ఈ మార్పుతోనే. ఆటగాళ్లకి కాలేజీలు నేరుగా డబ్బు ఇచ్చేలా కోర్టులో కుదిరిన కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీల్లో జట్టుకి 26 మందే పరిమితి. ఇంత ఇరుకులో ‘మీవాడికి డివిజన్ 1 ఖాయం’ అనేవాడు మీ పిల్లాడి ఆట చూసి ఆ మాట అనడం లేదు. అమెరికా జూనియర్ లీగ్‌లైన యూఎస్‌హెచ్‌ఎల్, ఎన్‌ఏహెచ్‌ఎల్ జట్లు ఆడినందుకు ఆటగాడి దగ్గర ఫీజు తీసుకోవు. సలహాదారు ఫీజు కట్టే టియర్ 3 (వీటికన్నా కింది స్థాయి జూనియర్) జట్టు వైపు తోస్తుంటే ఆ జట్టు నుంచి ఆయనకేమైనా ముడుతోందేమో అడగండి. కింది అంచె డివిజన్ 3లోనూ, హార్వర్డ్, యేల్ లాంటి కాలేజీల ఐవీ లీగ్‌లోనూ ఆట పేరు మీద స్కాలర్‌షిప్ ఉండదు. ఉందని బ్రోచర్‌లో కనిపిస్తే అక్కడితో ఆపేయొచ్చు.

కాంట్రాక్టులో ఒక్క షరతు మాత్రం భూతద్దం పెట్టి చూడాలి. స్కాలర్‌షిప్ వస్తేనే ఫీజు, లేదా వచ్చినదాంట్లో ఇంత శాతం అని రాసుంటే సంతకం పెట్టొద్దు. వినడానికి న్యాయంగానే ఉంటుంది కానీ ఎన్‌సీఏఏ నిబంధనల ప్రకారం కుర్రాడి అర్హతకే ముప్పు. రాబట్టిన సాయంతో ముడిపడని ఫీజు అయితే ఇబ్బంది లేదు.

చదువు విషయం చాలా ప్యాకేజీల్లో ఒక పేజీతో సరిపెడతారు, తీరా దెబ్బ తగిలేది అక్కడే. డివిజన్ 1కి హైస్కూల్‌లో 16 కోర్ కోర్సులు (ఎన్‌సీఏఏ లెక్కలోకి తీసుకునే ప్రధాన సబ్జెక్టులు), వాటిలో 2.3 జీపీఏ (4కి సగటు గ్రేడ్) కావాలి. అందులో 10 పన్నెండో గ్రేడ్ మొదలయ్యేలోపు పూర్తవ్వాలి, ఆ పదిలో ఏడు ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు. ఆ పది గ్రేడ్లు ఆ తర్వాత బిగిసిపోతాయి, మళ్లీ చదివి పెంచుకుందామంటే కుదరదు. జూనియర్ జట్టు కోసం ఊరు మారి ఆన్‌లైన్ స్కూల్‌లో చేరినవాళ్లు ఆ కోర్సు ఎన్‌సీఏఏ ఆమోదించినదో కాదో చేరకముందే చూసుకోవాలి. కాలేజీ ప్రవేశ పరీక్షలైన ఎస్‌ఏటీ, ఏసీటీ స్కోర్లు 2023 నుంచి అర్హతకి అక్కర్లేదు, వాటి కోచింగ్ కలిపి ధర పెంచితే తీసేయమనండి. ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో (ఆటగాళ్ల అర్హత చూసే విభాగం) ప్రొఫైల్ పేజీ ఖాతా ఎవరైనా ఉచితంగానే తెరుచుకోవచ్చు. బిల్లులో అదీ ఒక పద్దుగా ఉంటే కొట్టేయించండి.