కిడ్నీ మీద దాడి: బయటి వైరసా, లోపలిదా?

శరీరం తన కిడ్నీనే దెబ్బతీసుకోవడంలో రెట్రోవైరస్ (తన జన్యువులను మన జన్యువుల్లో చేర్చే రకం వైరస్) చేయి ఉందా అంటే, అనుమానం రెండు వైపులకు పోతుంది. ఒకటి బయటి నుంచి వచ్చే హెచ్‌ఐవీ. రెండోది మన జన్యువుల్లోనే తిష్ఠవేసిన పాత రెట్రోవైరస్‌ల అవశేషాలు. మానవ జన్యుపదార్థంలో ఇవి దాదాపు 8 శాతం.

హెచ్‌ఐవీ ఉన్న కొందరి కిడ్నీ బయాప్సీలో (చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో) ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం అనే యాంటీబాడీలు, సీ3, సీ1క్యూ అనే రోగనిరోధక ప్రొటీన్లు అన్నీ మెరిసే రంగుతో కనిపిస్తాయి. చూడ్డానికి అచ్చం లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడిచేసే జబ్బు) కిడ్నీయే. తీరా రక్తపరీక్ష చేస్తే లూపస్ యాంటీబాడీలు సాధారణంగా ఉండవు. పేరుకున్న యాంటీబాడీల్లో కొన్ని వైరస్ మీదివే కాబట్టి, దీన్ని ఆటోఇమ్యూన్ (అంటే సొంత శరీరం మీదే దాడి) అనడానికి నాకు మనసొప్పదు.

లోపలి వైరస్ కథ ఎక్కువగా చిట్టెలుకలది. లూపస్ వచ్చే న్యూజిలాండ్ జాతి ఎలుకల కిడ్నీల్లో జీపీ70 అనే వైరస్ పైపొర ప్రొటీన్, దాని యాంటీబాడీలతో అంటుకుని పేరుకుంటుంది. మనుషుల్లో ఇంత సూటి ఆధారం లేదు. లూపస్ రోగుల్లో ఈ పాత జన్యువులు చురుగ్గా ఉన్నట్టు కనిపించినా, అది కారణమో జబ్బు పర్యవసానమో తేలలేదు.

చికిత్సలో తేడా స్పష్టం. హెచ్‌ఐవీ అయితే వైరస్‌ను అణిచే మందులు తప్పనిసరి. లూపస్‌లో రోగనిరోధక శక్తిని తగ్గించే మందులే దిక్కు.