జార్జియా టెక్ కెండెడా భవనం: అసలు చూడాల్సింది చెక్క పని

అమెరికాలో అట్లాంటాలోని జార్జియా టెక్ యూనివర్సిటీ క్యాంపస్‌కి వెళ్తే కెండెడా భవనం చూడకుండా రావద్దు. 2019లో తెరిచారు, 2021లో లివింగ్ బిల్డింగ్ సర్టిఫికేషన్ వచ్చింది, అంటే పర్యావరణానికి మేలు చేసేలా కట్టిన భవనాలకిచ్చే చాలా కఠినమైన గుర్తింపు. పైనున్న సోలార్ ప్యానెళ్లు ఏడాది లెక్కలో భవనం వాడుకునే కరెంటు కంటే ఎక్కువే ఇస్తాయి, సరే, ఆ సంగతి అందరూ చెప్తారు. నాకు తెగ నచ్చింది మాత్రం చెక్క. లోపలికి వెళ్లి ఒకసారి తలెత్తి చూడండి, కొత్త చెక్కల మధ్య ఒకటి విడిచి ఒకటి పాత చెక్కలు పెట్టి మేకులతో బిగించిన స్లాబు కనిపిస్తుంది, ఆ పాతవన్నీ షూటింగ్ సెట్లు విప్పేశాక మిగిలినవి, ఇక్కడికి రాకపోతే చెత్తలోకే పోయేవి. అదే క్యాంపస్‌లోని టెక్ టవర్ అనే పాత భవనాన్ని బాగుచేసినప్పుడు తీసిన దూలాలు ఇక్కడ మెట్లయ్యాయి. ఇంత శ్రద్ధగా పాత సామాను వాడటం నిజంగా గొప్ప విషయం.

వాన నీళ్లు పట్టుకునే పెద్ద తొట్టి ఉంది, టాయిలెట్లు వ్యర్థాన్ని ఎరువుగా మార్చే కంపోస్ట్ రకం, ఫ్లష్‌కి నీళ్ల బదులు కాస్త నురగ చాలు. ఒక్క మాట, వణికించే ఏసీ కావాలంటే ఇక్కడ దొరకదు. చల్లదనం ఎక్కువగా నేలలోని పైపుల్లో తిరిగే చల్లటి నీళ్లతో, పైన ఫ్యాన్లతోనే. నాకైతే అదే హాయి.