సెకండ్ హ్యాండ్ కాంపోజిట్ విమానం కొంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి

విశాఖలో మేం కొందరం మిత్రులం కలిసి రెండు సీట్ల కాంపోజిట్ విమానం ఒకటి బేరం చేశాం. అంటే అల్యూమినియం రేకుతో కాకుండా, ఫైబర్ గుడ్డ పొరల్ని రెసిన్ అనే జిగురుతో అతికించి చేసిన విమానం. ఎప్పుడూ దెబ్బ తగల్లేదని అమ్మే ఆయన రాసి మరీ ఇచ్చాడు. కొత్త తెల్ల పెయింటు తళతళలాడుతోంది. అడ్వాన్స్ కట్టాక మా తరఫు ఇంజినీరు గారు చూడటానికి వెళ్లారు.

ఆయన రూపాయి బిళ్లతో రెక్క అడుగంతా తట్టుకుంటూ వచ్చారు, కుండ కొనేటప్పుడు కొట్టి చూస్తామే, అలా. అంతటా టక్కుటక్కుమని గట్టిగా పలుకుతున్నది, చక్రం కాలు రెక్కకి కలిసే చోట అరచేయంత మేర డొల్లగా పలికింది. అక్కడ పెయింటు గీరితే కింద లప్పం! విమానానికి చేసిన పనులన్నీ రాసే లాగ్‌బుక్‌లో ఆ రిపేరు ఊసే లేదు.

అల్యూమినియానికి దెబ్బ తగిలితే సొట్ట పడుతుంది, రివెట్లు కదులుతాయి, కంటికి తెలుస్తుంది. ఫైబర్ అలా కాదు. పైపొర మళ్లీ యథాస్థితికి వచ్చేస్తుంది, లోపల పొరలు విడిపోయి ఉంటాయి. అందుకే పాత విమానానికి కొత్త పెయింటు కనిపిస్తే నాకిప్పుడు భయమే.

రిపేరు దగ్గర తేడా ఇంకా ఎక్కువ. అల్యూమినియం అయితే రివెట్లు డ్రిల్ చేసి తీసి, పాడైన ముక్క కోసి, అదే రకం, అదే మందం రేకు వేసి మళ్లీ రివెట్లు కొడతారు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 1998లో తెచ్చిన ఏసీ 43.13-1బీ అనే మార్గదర్శక పత్రంలో ఈ పద్ధతులన్నీ ఉన్నాయి, చేయగల చేతులూ దొరుకుతాయి. కాంపోజిట్‌కి పాడైన చోటు చుట్టూ ఏటవాలుగా అరగదీసి, ఏ పొర ఏ దిశలో ఉందో అదే దిశలో గుడ్డ పరిచి, రెసిన్ తూకం తప్పకుండా కలిపి, చెప్పిన వేడిలో గట్టిపడనివ్వాలి. తేమ తగిలితే అతుకు బలం పోతుంది. వానాకాలంలో మన విశాఖ గాలికి మామూలు షెడ్డులో అది అయ్యే పని కాదు. పెద్ద దెబ్బకైతే తయారీ కంపెనీ ఆమోదం కూడా కావాలి. కంపెనీ మూతపడి ఉంటే ఎవర్ని అడుగుతాం?

కాంపోజిట్ చెడ్డదని కాదు, దానికి ఉప్పుగాలి తుప్పు బాధ లేదు. అల్యూమినియానికి ఉంది. కానీ పెయింటు ఉబ్బి, తెల్లపొడి రాలి అది చాలాసార్లు ముందే బయటపడుతుంది.

లాగ్‌బుక్‌లు మొదటి పేజీ నుంచీ చూడండి. పెయింటు ఎందుకు వేశారో అడగండి. ఇన్‌స్పెక్షన్‌లో తేడా వస్తే అడ్వాన్స్ మొత్తం వెనక్కివ్వాలని ఒప్పందంలో రాయించండి. మేం రాయించాం, అయినా సగమే ఇచ్చి మిగతాది ఆపాడు. లాయరు నోటీసు పంపాం.