టీవీ అంచు మింగేయకుండా: సేఫ్ ఏరియా గీతలు ఏళ్ల తరబడి వాడాక

కడపలో మా ఇంటి పెళ్లి క్యాసెట్లు, పిల్లల పుట్టినరోజులు, ఒంటిమిట్టలో ఫోన్‌తో తీసిన వీడియోలు అన్నీ నేనే ఎడిట్ చేసి బంధువులకు పెన్‌డ్రైవ్‌లో వేసిస్తుంటాను. వాళ్లు చూసేది కంప్యూటర్‌లో కాదు, హాల్లో ఉన్న టీవీలో. అందుకే నేను ఎడిటింగ్‌కు వాడే డావించీ రిజాల్వ్ సాఫ్ట్‌వేర్‌లో ఎప్పుడూ ఆన్‌లో ఉంచేది సేఫ్ ఏరియా. ఉచిత వెర్షన్‌లోనే ఉంది. వ్యూ మెనూలోకి వెళ్లి ఆన్ చేస్తే బొమ్మ మీద ఒకదాని లోపల ఒకటిగా గీతల చట్రాలు కనిపిస్తాయి. ముఖ్యమైన దృశ్యం బయటి చట్రం దాటకూడదు, అక్షరాలు లోపలి చట్రం దాటకూడదు. తయారయ్యే ఫైల్‌లో ఈ గీతలు రావు. ఇంటి వీడియోలు చేసేవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే సదుపాయం నేను చూడలేదు.

ఎందుకంటే మనం పంపిన బొమ్మంతా టీవీ చూపించదు. దీన్ని ఓవర్‌స్కాన్ అంటారు. పాత పిక్చర్ ట్యూబు టీవీల్లో వోల్టేజీ పడిపోయినా, సెట్ పాతబడినా బొమ్మ కుంచించుకుపోయేది. ఎండాకాలం సాయంత్రాలు మా జేజి వాళ్ల ఊళ్లో టీవీ బొమ్మ చుట్టూ నల్లటి పట్టీ వచ్చేది. అది కనిపించకూడదనే బొమ్మను తెర కంటే కాస్త పెద్దగా వేసి, అంచుల్ని ఫ్రేము వెనక దాచేవారు. ట్యూబులు పోయినా ఆ పద్ధతి పోలేదు. ఇప్పటి ఎల్‌ఈడీ టీవీల్లోనూ చాలావాటికి వచ్చేటప్పుడే బొమ్మను సాగదీసి అంచులు కోసే సెట్టింగ్ ఉంటుంది. ఒక్కో వైపు 5 శాతం పోతే 1920 × 1080 బొమ్మలో మనకు మిగిలేది 1728 × 972. సాగదీయడం వల్ల పదును కూడా తగ్గుతుంది.

పాత లెక్క ప్రకారం బొమ్మ వెడల్పు, ఎత్తుల్లో దృశ్యానికి 90 శాతం, అక్షరాలకు 80 శాతం. సినిమా, టీవీ ఇంజినీర్ల సంఘం ఎస్‌ఎంపీటీఈ 2009లో ఇచ్చిన ప్రమాణంలో అవి 93, 90 అయ్యాయి. దృశ్యానికి నేను కొత్త లెక్కే పాటిస్తాను. పేర్లకు మాత్రం ఇప్పటికీ 80 శాతమే. మా అక్క పెళ్లికి మిక్సింగ్ చేసి ఇచ్చిన డీవీడీలో కింద వధూవరుల పేర్లు ఈ కొస నుంచి ఆ కొసకు పరిచారు. టీవీలో పెడితే ‘చి.ల.సౌ.’ సగం పోయి అక్క పేరు మొదలయ్యేది. పెళ్లి వీడియోలో పెళ్లికూతురి పేరు తెగిపోతే ఇంట్లోవాళ్లకు ఎంత బాధగా ఉంటుందో నేను చూశాను.

ఒంటిమిట్ట సీతారాముల కల్యాణం వీడియో పెట్టగానే మా చిన్నాయన, “గొడుగు యాడికి పాయెరా?” అన్నాడు. ఫైల్‌లో గొడుగు ఉంది, టీవీ కోసేసింది. రిమోట్ తీసుకుని పిక్చర్ సైజు మార్చగానే మొత్తం కనిపించింది. ఈ సెట్టింగ్‌కు ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది: శామ్‌సంగ్‌లో స్క్రీన్ ఫిట్ లేదా ఫిట్ టు స్క్రీన్, ఎల్‌జీలో జస్ట్ స్కాన్, సోనీలో ఫుల్ పిక్సెల్. మా టీవీలో ఒక్కో హెచ్‌డీఎంఐకి విడిగా మార్చాలి. ఎవరింటికి వెళ్లినా నేను ముందు చేసే పని ఇదే. అంచు నుంచి 2.5 శాతం దగ్గర ఒక గీత, 5 శాతం దగ్గర ఇంకో గీత గీసిన ఫొటో ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకున్నాను. అడ్డంగా చూస్తే 48, 96 పిక్సెళ్ల దగ్గర. ఏ గీత కనబడలేదో చూస్తే ఆ టీవీ ఎంత మింగుతోందో తేలిపోతుంది.

వీడియో మొత్తాన్ని 90 శాతానికి కుదించి చుట్టూ నలుపు వదలమని కొందరు చెప్తారు. నేను ఒప్పుకోను. సెట్టింగ్ సరిగ్గా ఉన్న టీవీలో ఆ నలుపు అనవసరంగా కనిపిస్తుంది, ఉన్న నాణ్యతా పోతుంది. బొమ్మ పూర్తి సైజులోనే ఉండాలి, అందులో ముఖ్యమైనవే లోపలికి జరగాలి.

వీహెచ్ఎస్ క్యాసెట్ల దగ్గర ఇది ఇంకా ముఖ్యం. టేపు చదివే హెడ్లు ఒకదాని నుంచి ఇంకోదానికి మారే చోట బొమ్మ అడుగున కొన్ని లైన్లు చెదిరిపోతాయి. ట్యూబు టీవీలో అవి ఫ్రేము వెనక ఉండేవి కాబట్టి ఎవరికీ తెలియదు. కంప్యూటర్‌లోకి ఎక్కించగానే బయటపడి క్యాసెట్ పాడైందేమోనని టెన్షన్ పడతారు. పాడవలేదు. ఆ లైన్లను కత్తిరించి మిగతాది సాగదీయకండి. మన దేశపు పాత టీవీ పద్ధతైన పాల్ వీడియో 720 × 576 పిక్సెళ్లు, అందులో ఒక లైను విడిచి ఒక లైనుగా రెండు సగం బొమ్మలు (ఫీల్డులు) కలిసి ఉంటాయి. నిలువుగా సాగదీస్తే అవి కలగాపులగమై, కదిలే చోటల్లా దువ్వెన పళ్లలా చీలికలు వస్తాయి. సైజు మార్చకుండా ఆ లైన్ల మీద నల్లటి పట్టీ వేస్తే చాలు. అదే అడుగున కుడి మూలలో క్యామ్‌కార్డర్ వేసిన తేదీ ఉంటే మాత్రం పట్టీ దాని మీద పడకుండా చూసుకోండి. ఆ తేదీ లేకపోతే ఏ పండగో, ఎవరి బారసాలో చెప్పడానికి ఇప్పుడు పెద్దవాళ్లు కూడా లేరు.

సేఫ్ ఏరియాకు ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఆ అర ఎందుకు తగ్గించానంటే, ఈ గీతలు కనబడేది ఎడిటింగ్‌కు కూర్చున్నాకే. నా ఫోన్ కెమెరాలో ఉన్నది మూడు భాగాల గ్రిడ్ మాత్రమే, అది అంచుల సంగతి చెప్పదు. కాబట్టి తీసేటప్పుడే తలల పైన, పక్కన నిలబడ్డ చివరి మనిషి భుజం పక్కన కాస్త ఖాళీ వదలండి. ఫొటో కోసం అందరూ ఒకచోట చేరినప్పుడు అటు చివర నిలబడేది ఎప్పుడూ ఇంట్లో పనంతా చేసినవాళ్లే.