పొడి మంచిదే, డబ్బా మీద రాసిందే అబద్ధం

మలబద్ధకానికని కొన్న పీచు పొడి ఇది. డబ్బాలో ఉన్నదానికి నాలుగు స్టార్లు, డబ్బా మీద రాసినదానికి ఒకటి. కంపెనీ పేరు రాయను, ఇలాంటి మాటలతో అమ్మేవాళ్లు ఒకరిద్దరు కాదు.

"వయసుతో అలసిన పేగు నరాలకు పునరుజ్జీవం" అని ముందువైపు పెద్ద అక్షరాలు. వెనక్కి తిప్పితే ఉన్నది ఇసబ్‌గోల్ పొట్టు, కాస్త నిమ్మ వాసన. అంతే. జువాలజీ చెప్పి రిటైరైనదాన్ని, నరాల మాట ఎత్తాక ఊరుకోబుద్ధి కాలేదు.

పేగు గోడలో నరకణాల వలలు రెండున్నాయి. లోపలి పొర కింద ఉన్నదాన్ని మైస్నర్, కండరాల మధ్య ఉన్నదాన్ని ఆవెర్‌బాఖ్ అనే శాస్త్రవేత్తలు 19వ శతాబ్దంలోనే వర్ణించారు. రెండూ కలిపి 10 కోట్లకు పైనే కణాలు. మెదడు చెప్పకపోయినా పేగును కదిలించగలవు. వయసు పైబడ్డాక వీటిలో కొన్ని పోతాయి, అయితే అన్ని రకాలూ ఒకేలా పోవు. పేగులో ఉన్నది ముందుకు జరగాలంటే దాని వెనక కండరం బిగియాలి, ముందున్నది వదులవ్వాలి. బిగియమని ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనంతో చెప్పే కణాలు మనుషుల పెద్దపేగులో వయసుతో తగ్గుతున్నట్టు పరిశోధనల్లో కనిపించింది. వదులవ్వమని నైట్రిక్ ఆక్సైడ్ అనే మరోదానితో చెప్పేవి చాలావరకు నిలిచాయి. అంటే తోసేవాళ్లే తగ్గారు. దానికితోడు పురీషనాళం నిండినా మునుపటంత త్వరగా తెలియదు.

పోయిన కణాలను ఏ పొట్టూ మొలిపించదు. ఎలుకలకు మేత తగ్గించి పెంచితే ఈ నష్టం తగ్గిందని ప్రయోగాలున్నాయి. కానీ ఈ కంపెనీ అమ్మేది పీచు, పస్తులు కాదు కదా!

మరి నాకు గుణం కనిపించిందా? కనిపించింది. ముక్కే బాధ బాగా తగ్గింది. పొట్టు నీళ్లు పీల్చుకుని ఉబ్బి మలాన్ని మెత్తగా, లావుగా చేస్తుంది. దాంతో పేగు గోడ సాగుతుంది. సాగినప్పుడు లోపలి పొరలోని కణాలు సెరటోనిన్ అనే రసాయనం వదులుతాయి, దాంతో మిగిలిన నరాలు పని అందుకుంటాయి. చెవుడొచ్చినవాళ్లతో గొంతు పెంచి మాట్లాడినట్టన్నమాట. వినిపిస్తుంది, చెవుడు మాత్రం పోదు. ఇంకో సంగతి, ఈ పొడి కొనకముందే డాక్టరుగారు నా పాత అలర్జీ మాత్ర మార్చారు. అలాంటి పాత మాత్రలు కొన్ని, మూత్రం ఆపుకోలేనివాళ్లకిచ్చే మందులు కొన్ని, ఆ ఎసిటైల్‌కోలిన్‌కే అడ్డుపడతాయి. కాబట్టి నాకు కలిగిన సుఖంలో సగం గొప్ప మాత్ర మార్చినందుకే ఇస్తాను.

డబ్బా మీద పెద్దగా రాయాల్సింది నీళ్ల గురించి. అది చీమతలంత అక్షరాల్లో ఉంది. నిండు గ్లాసు నీళ్లు లేకుండా వేసుకుంటే గొంతులోనో పేగులోనో ముద్దకట్టి అడ్డుపడొచ్చు. మింగడం కష్టమయ్యేవాళ్లు దీని జోలికి పోకూడదు. వేరే మాత్రలకీ దీనికీ మధ్య రెండు గంటలైనా ఎడం ఉంచాలి, ఆ ముక్క అసలే లేదు. విరేచనంలో రక్తం పడినా, ఊరికే బరువు తగ్గుతున్నా పొడులు మాని డాక్టరుకు చూపించుకోండి.

రుచికి వంక పెట్టను. కలిపిన వెంటనే తాగితే సరి, ఫోన్ వచ్చిందని పక్కన పెట్టారో గ్లాసులో జిగురు ముద్దే మిగులుతుంది. చెంచా లోపలే ఇచ్చారు, బాగుంది. మూత మాత్రం పిల్లలు తీయకుండా నొక్కి తిప్పే రకం. పెద్దవాళ్ల కోసమని అమ్ముతూ, కీళ్లనొప్పుల వేళ్లతో తీయలేని మూత ఎందుకు పెట్టారో వాళ్లకే తెలియాలి.